గంట మోగిన క్షణం: అంతరాయాల చరిత్రలో కొన్ని పుటలు



తెలుగు పండితుడికి ప్రాసెసరుతో పనేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొని బతికినవాణ్ణి. విద్యుత్పరికరాల లోపలి సంగతులు నేను విని, చూసి, చదివి తెలుసుకొన్నవే గాని గురుముఖతః నేర్చినవి కావు. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు రాయాలన్న కోరిక చాలా ఏళ్ళుగా ఉంది. కారణం, నాకు తెలిసిన ఒక మనిషి మీద పడ్డ దొంగతనపు నింద. ఆ నిందను తొలగించింది మనిషి సాక్ష్యం కాదు. ఒక ఆసిలోస్కోపు, ఒక లాజిక్ ఎనలైజరు. ఆ కథ చివర చెబుతాను. దానికి ముందు గంట సంగతి చెప్పాలి.

*

మా మేనమామ జనగామ రైల్వే స్టేషనులో పోర్టరు. చిన్నతనంలో సెలవులు వస్తే నా మకాం అక్కడే. నిజాం రైల్వే 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు వచ్చింది. అక్కడినుంచి తూర్పుగా సాగి, జనగామ, వరంగల్లు, మానుకోటల మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. మానుకోట అంటే నేటి మహబూబాబాద్. ఆ దారి వెంట ఉన్న ప్రతి స్టేషనులోనూ మాస్టరుగారి గదిలో బ్లాకు యంత్రం ఉండేది. దానికొక గంట. పక్క స్టేషనువారు అక్కడ మీట నొక్కితే ఇక్కడ గంట మోగుతుంది.

మాస్టరుగారు టికెట్ల లెక్క కూడుతూ ఉంటారు. గంట ఒక్కసారి మోగిందంటే "ఇటు చూడండి" అని. రెండుసార్లు మోగితే "లైను ఖాళీయేనా" అని. మూడైతే బండి మీ వైపు బయలుదేరిందని, నాలుగైతే బండి క్షేమంగా చేరిందని. ఐదు మోగితే ముందు పంపిన సంకేతం రద్దు. ఆరు మోగితే మాత్రం ప్రమాదమే. లైనుకు ఏదో అడ్డుపడింది, బండిని ఆపమని అర్థం. గంట వినగానే మాస్టరుగారు కూడుతున్న వరుస దగ్గర పెన్సిలుతో చిన్న గీత పెట్టేవారు. లేచి బదులు చెప్పి, రిజిస్టరులో వేళ రాసి, తిరిగి వచ్చి ఆ గీత దగ్గరనుంచే కూడిక సాగించేవారు. ఆ గీత పెట్టడం మరిచిపోయిన రోజున సాయంత్రం లెక్క తేలేది కాదు.

కంప్యూటరు శాస్త్రంలో ఇంటరప్టు అనేదాని సారాంశమంతా ఆ పెన్సిలు గీతలో ఉందని నాకు ముప్ఫై ఏళ్ళ తరువాతగాని తెలియలేదు.

ఈ మాటకు మనవాళ్ళు "అంతరాయం" అని అనువాదం చేస్తున్నారు. మంచి మాటే. పతంజలి యోగసూత్రాల్లో చిత్తాన్ని చెదరగొట్టే తొమ్మిదింటిని అంతరాయాలనే అన్నారు. అయితే అక్కడ అంతరాయం శత్రువు. ఇక్కడ అది ఆహ్వానితుడైన అతిథి. ప్రాసెసరు తన పని తాను చేసుకొంటూ ఉంటుంది. బయటినుంచి ఒక తీగ మీద సంకేతం వస్తుంది. చేతిలో ఉన్న ఆదేశాన్ని పూర్తిచేసి, తాను ఎక్కడున్నదీ స్టాక్ అనే జ్ఞాపకంలో భద్రపరచి, ఆ సంకేతానికి ముందే కేటాయించిన చోటికి వెళ్ళి, అక్కడి పని ముగించుకొని, దాచుకొన్నది తీసుకొని వచ్చిన చోటికే తిరిగివస్తుంది. పని మధ్యలో ఆగిందన్న ఆనవాలు కూడా మిగలకూడదు.

మనకు ఇది కొత్త విద్య కాదు. అష్టావధానం చూసినవారికి ఇట్టే అర్థమవుతుంది. అవధాని సమస్యాపూరణలో ఒక పాదం చెప్పి, దత్తపదికి వెళ్ళి, నిషిద్ధాక్షరిలో చిక్కుకొని ఉండగానే అప్రస్తుత ప్రసంగం చేసేవారు అడ్డు తగులుతారు. వారికి చమత్కారంగా జవాబు చెప్పి, విడిచిన అక్షరం దగ్గరే మళ్ళీ పద్యాన్ని అందుకోవాలి. వీటన్నిటి వెనుక ఒకరు తన ఇష్టం వచ్చినప్పుడు గంట కొడుతూ ఉంటారు. మొత్తం ఎన్ని గంటలు మోగాయో చివర చెప్పాలి. దాన్ని ఘంటాగణనం అంటాం. అవధానికి ధారణ ఎలాంటిదో ప్రాసెసరుకు స్టాక్ అలాంటిది. ఈ ఘంటాగణనం మాట గుర్తుపెట్టుకోండి. కథలో మళ్ళీ వస్తుంది.

*

తొలినాటి కంప్యూటర్లకు ఈ అవధానం రాదు. టైపు యంత్రానికి ఒక అక్షరం పంపితే అది అచ్చయ్యేదాకా "అయిందా, అయిందా" అని అడుగుతూ కూర్చునేవి. అంతలో వేల కూడికలు చేయగల యంత్రం ఊరికే నిలబడేది. 1954లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిర్మించిన డిసియాక్ అనే యంత్రం బయటి సంకేతం వస్తే పని ఆపి వినే పద్ధతిని అమర్చుకొన్నది. కొద్దికాలానికే యూనివాక్ 1103ఎ అనే వాణిజ్య యంత్రంలోనూ ఆ సౌకర్యం వచ్చింది.

ఐరోపాలో ఈ చరిత్ర ఒక భయంతో మొదలైంది. 1957, 58 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో లూప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే ఇద్దరు ఎక్స్1 అనే కంప్యూటరును రూపొందిస్తూ, ఇందులో ఇంటరప్టు పెడదామన్నారు. దానికి ప్రోగ్రాములు రాయవలసినవాడు డైక్‌స్ట్రా. తరువాతి కాలంలో లోకప్రసిద్ధుడైన ఆ మేధావి ముందు జంకాడు. కారణం చాలా గట్టిది. అంతవరకు ఏ ప్రోగ్రాము అయినా, అవే అంకెలిస్తే ప్రతిసారీ అదే దారిలో నడిచేది. తప్పు దొర్లితే మళ్ళీ నడిపి అదే తప్పును మళ్ళీ చూడవచ్చు. ఇంటరప్టు ఏ క్షణాన వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది ఏ రెండు ఆదేశాల మధ్యనైనా దూరవచ్చు. ఇవాళ ఒకచోట, రేపు మరొకచోట. అలాంటప్పుడు దొర్లిన తప్పును మళ్ళీ రప్పించడం ఎలా? రప్పించలేని తప్పును దిద్దడం ఎలా? చివరికి ఆయన ఒప్పుకొని, ఆ పని నిర్దుష్టంగా చేసి, 1959లో దాని మీదనే డాక్టరేటు సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. కాని ఆయన జంకిన విషయం ఈ నాటికీ తీరలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సాధారణమైన దోషాన్ని వెతకడానికి యంత్రాన్ని ఆపి ఒక్కొక్క మెట్టే నడిపిస్తారు. ఇంటరప్టు దోషం అలా దొరకదు. ఆపితే గంట ఆగుతుంది. గంట ఆగితే దోషం మాయమవుతుంది. పోనీ, నడుస్తుండగానే మధ్యమధ్య అంకెలు అచ్చువేయించి చూద్దామంటే, ఆ అచ్చువేసే పనివల్లనే కాలగతి మారిపోయి తప్పు మరింత అరుదవుతుంది. తలుపు తీసి చూస్తే లోపలివాడు పారిపోయే దొంగాట ఇది. కాబట్టి యంత్రాన్ని ఆపకుండా, ముట్టకుండా, అది నడుస్తూ ఉండగానే పక్కన నిలబడి చూడగలిగిన కన్ను కావాలి.

*

అటువంటి మొదటి కన్ను కంప్యూటరు కన్న పాతది. 1897లో స్ట్రాస్‌బర్గులో ఫెర్డినాండ్ బ్రౌన్ అనే జర్మను శాస్త్రవేత్త కాథోడు కిరణాల గొట్టాన్ని చేశాడు. విద్యుత్తు హెచ్చుతగ్గులను అనుసరించి వెలుగుచుక్క పైకీ కిందికీ కదులుతుంది. 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ బహుమతి పంచుకొన్నది ఈయనే, అయితే అది నిస్తంత్రీ వార్తల కృషికి. ఆ గొట్టమే ఆసిలోస్కోపుకు గుండెకాయ.

చాలాకాలం దానిలో ఒక లోపం ఉండేది. కదిలే అలను తెర మీద నిలపడం కష్టమయ్యేది. 1946లో అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలో మొదలైన టెక్‌ట్రానిక్స్ సంస్థ మరుసటి యేడు 511 అనే ఆసిలోస్కోపును విడుదల చేసింది. దాని విశేషం ట్రిగ్గరు. సంకేతం ఫలానా మట్టం దాటినప్పుడే గీయడం మొదలుపెట్టు అని దానికి చెప్పవచ్చు. అంతవరకు కాచుకొని కూర్చుంటుంది. గంట మోగిన క్షణాన్నే పట్టుకోవడం దీనివల్ల సులభమైంది.

ఇంజనీర్లు చేసే ఉపాయం చాలా సరళమైనది. ఇంటరప్టు తీగకు ఒక కొస తగిలిస్తారు. ప్రోగ్రాములో ఇంటరప్టు పని మొదలవగానే ఖాళీగా ఉన్న ఒక కాలును పైకెత్తమనీ, పని ముగియగానే దించమనీ రెండు ఆదేశాలు చేరుస్తారు. రెండో కొస ఆ కాలికి. తెర మీద పై గీతలో గంట మోగడం, కింది గీతలో లేచి వెళ్ళడం, తిరిగి రావడం కనిపిస్తాయి. గంట మోగిన తరువాత ఎన్ని మైక్రోసెకన్లకు లేచింది, ఎంతసేపు అక్కడ ఉంది, ఒక్కొక్కసారి ఆలస్యం ఎంత మారుతోంది అన్నవి కొలవవచ్చు. రెండు ఆదేశాలు చేర్చినందువల్ల కాలగతి మారేది అత్యల్పం.

కాని ఆసిలోస్కోపుకు మామూలుగా కళ్ళు రెండు, మహా అయితే నాలుగు. ప్రాసెసరు ఏ ఆదేశం చదువుతోందో తెలియాలంటే చిరునామా తీగలు పదహారూ ఒక్కసారే చూడాలి. 1970వ దశకం మొదట్లో మైక్రోప్రాసెసర్లు వచ్చాక ఈ అవసరం తీవ్రమైంది. 1973లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 5000ఎ అనే లాజిక్ ఎనలైజరును తెచ్చింది. ఆ రోజుల్లోనే బయోమేషన్ అనే సంస్థ కూడా అలాంటిదే చేసింది. ఈ పరికరానికి అల ఆకారంతో పనిలేదు. ప్రతి తీగ మీదా ఉన్నది ఒకటా, సున్నయా అన్నదే దానికి కావలసినది. కొద్ది ఏళ్ళలోనే అది పదహారు, ముప్ఫైరెండు తీగలను ఒక్కసారే చూడగలిగింది.

దీనిలో నన్ను ఆశ్చర్యపరచిన గుణం వేరొకటి. అది ఎడతెగకుండా రాసుకొంటూ, జాగా చాలనప్పుడు పాతదాన్ని చెరిపేస్తూ పోతుంది. మనం కోరిన సంఘటన జరిగినప్పుడు ఆగుతుంది. అప్పుడు దాని జ్ఞాపకంలో ఆ సంఘటన తరువాతిదే కాదు, ముందు జరిగినది కూడా ఉంటుంది. పాము కరిచాక పుట్ట ఏదో చూపించే విద్య ఇది.

*

ఈ చరిత్ర మన ముంగిటికి ఎప్పుడు వచ్చింది? 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈసీఐఎల్, ఏర్పడింది. దానికి మూలపురుషుడు అయ్యగారి సాంబశివరావుగారు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టినవారు. ఈనాడు ఆయన పేరును హైదరాబాదులో ఏ.ఎస్.రావు నగర్ అనే పేటగా తలుచుకొంటున్నాం. పేటలో ఉన్నవారిలో ఆయన ఎవరో తెలిసినవారు ఎందరో చెప్పలేను. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో వెలువడింది. తరువాత 1970వ దశకంలో టీడీసీ-316 వంటివి హైదరాబాదులో తయారయ్యాయి. దిగుమతి చేసుకొన్న యంత్రం చెడితే విదేశీ ఇంజనీరు కోసం ఎదురుచూడవచ్చు. మనం చేసుకొన్న యంత్రం చెడితే ఎవరికోసం ఎదురుచూస్తాం? ఆసిలోస్కోపు ముందు కూర్చోవడం అప్పుడు మనవాళ్ళకు తప్పనిసరి అయింది. అంతకు పదేళ్ళు ముందే, 1957 నవంబరు 24న సికిందరాబాదులో రైల్వేవారు సిగ్నళ్ళ ఇంజనీరింగు శిక్షణసంస్థను స్థాపించారు. మా మేనమామ స్టేషనులోని గంట వంటివాటి శాస్త్రాన్ని నేర్పేది ఆ సంస్థే.

1976లో ఇంటెల్ సంస్థ 8085 ప్రాసెసరును తెచ్చింది. మన పాలిటెక్నిక్కులలో, ఇంజనీరింగు కళాశాలల్లో దశాబ్దాల తరబడి పిల్లలు దాని మీదనే చేయి తిప్పుకొన్నారు. దానికి ఇంటరప్టు కాళ్ళు ఐదు. ట్రాప్ అనేదాన్ని ప్రోగ్రాము కాదనలేదు. మా స్టేషనులో ఆరు గంటల వంటిది. మిగిలినవాటిని కాసేపు వినబోనని చెప్పవచ్చు. వాటిలో 7.5 అనేది సంకేతం పైకి లేచిన క్షణాన్నే గుర్తుపెట్టుకొంటుంది, గంట దెబ్బలాగా. 6.5, 5.5 అనేవాటికి మాత్రం ప్రాసెసరు గమనించేదాకా సంకేతం నిలిచే ఉండాలి, ఎత్తిన జెండాలాగా. జెండా కావలసినచోట గంట కొట్టినా, గంట చాలినచోట జెండా ఎత్తినా పిలుపులు తప్పిపోతాయి. ఈ తేడా తెలియక రాత్రుళ్ళు నిద్ర మానుకొన్న విద్యార్థులు ఎందరో.

*

ఇక కథ.

1998లో నేను మానుకోట ప్రాంతంలో పనిచేస్తున్నాను. అక్కడికి దగ్గరలో ఒక బియ్యపు మిల్లు. బస్తాలు బెల్టు మీద వెళుతుంటే లెక్కపెట్టే యంత్రాన్ని మిల్లువారు కొత్తగా పెట్టించారు. బస్తా అడ్డువచ్చినప్పుడల్లా ఒక వెలుగు ఆగి, ప్రాసెసరుకు ఇంటరప్టు వెళుతుంది. లెక్క ఒకటి పెరుగుతుంది. అచ్చమైన ఘంటాగణనం. కరెంటు పోయినా లెక్క పోకుండా ఉండటానికి, అంతవరకు చూసిన లెక్కల్లో పెద్దదాన్ని బ్యాటరీ ఉన్న జ్ఞాపకంలో దాచుకొని, దాన్నే అద్దంలో చూపించేది.

నెలకు ఒకటి రెండుసార్లు సాయంత్రం యంత్రం చూపిన లెక్క గోదాములోని బస్తాలకన్న ఎక్కువ వచ్చేది. ఒకరోజు బస్తాలు 430, యంత్రం చూపింది 511. యంత్రం అబద్ధమాడదని అందరి నమ్మకం. బస్తాలు ఎక్కడికి పోయాయి? నింద గుమాస్తా మీద పడింది. ఇరవై ఏళ్ళుగా అక్కడే లెక్కలు రాసిన మనిషి. పోలీసుదాకా పోనివ్వలేదుగాని, రేపటినుంచి రావద్దన్నారు. ఆయన కూతురు అప్పటికి నా తరగతిలో చదువుతోంది. ఆ పిల్ల బడికి రావడం మానేసిన మూడోరోజున నేను వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన నా ముందు ఒక పుస్తకం పెట్టాడు. తేడా వచ్చిన రోజులన్నీ అందులో రాసుకొన్నాడు. యంత్రం చూపిన అంకెలు 511, 767, 511, 511, 767. నాకేమీ అర్థం కాలేదు. అంతకు పదేళ్ళ కింద నా దగ్గర చదివిన ఒక శిష్యుడు హైదరాబాదులో ఇలాంటి పరికరాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. ఫోనులో ఆ అంకెలు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "సార్, మనిషి దొంగతనం చేస్తే అంకెలు తీరుతీరులుగ వస్తయి. ఇవి రెండే అంకెలు. తప్పు పెట్టెల ఉన్నది సార్."

ఆ పెట్టెను హైదరాబాదు పంపడానికి మిల్లువారిని ఒప్పించడం మరొక పురాణం. అది వదిలేస్తాను. ఒక ఆదివారం నేను కూడా వెళ్ళాను. శిష్యుడు తెలిసిన కళాశాలనుంచి పాత లాజిక్ ఎనలైజరు అడిగి తెచ్చుకొన్నాడు. పెట్టెలో ఉన్నది 8031 అనే చిన్న ప్రాసెసరు. బస్తాలకు బదులు ఒక సంకేత జనకంనుంచి సెకనుకు వందల పల్సులు పంపాడు. రోజుకొక్కసారి వచ్చే సందర్భం అప్పుడు నిమిషానికి ఎన్నోసార్లు వస్తుందన్నమాట.

మొదట ఆసిలోస్కోపు. పక్కన మోటారు ఉన్నందువల్ల తీగలో దొంగ పల్సులు పుడుతున్నాయేమోనని మిల్లులో ఒకరి అనుమానం. అందుకని మిల్లునుంచి వెలుగు కన్నును, తీగనూ కూడా తెప్పించి, పక్కన ఒక మోటారు తిప్పుతూ చూశాడు. పల్సులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ప్రతి పల్సుకూ ప్రాసెసరు కొద్ది మైక్రోసెకన్లలోనే లేచి వెళుతోంది. కన్ను నిర్దోషి, తీగ నిర్దోషి. మరి దోషం ప్రోగ్రాములోనే ఉండాలి. ప్రోగ్రామును ఆపి ఒక్కొక్క మెట్టే నడిపితే అంతా సవ్యం. ఆపకుండా చూడవలసిందే.

అప్పుడు లాజిక్ ఎనలైజరు తీగలు తగిలించి, జ్ఞాపకంలోకి 511 అనే విలువ రాయడం జరిగిన క్షణాన ఆగమని చెప్పాడు. మామూలు 511 కూడా లెక్కలో వస్తుంది గనుక, లెక్క 300 దాటగానే మళ్ళీ సున్నతో మొదలయ్యేటట్లు పల్సులను అమర్చాడు. ఇక 511 వచ్చిందంటే అది దొంగ 511. మేము టీ తాగుతూ కూర్చున్నాం. టీ సగం కాకముందే తెర నిలిచింది.

తెర మీద అడ్డువరుసల్లో అంకెలు. వాడు వేలితో చూపించాడు. ప్రధానమైన ప్రోగ్రాము లెక్కను చదువుతోంది. ఈ ప్రాసెసరు ఒకసారికి ఎనిమిది బిట్లే చదవగలదు. లెక్క పెద్దది గనుక రెండు భాగాలుగా ఉంది. మొదట కింది భాగం చదివింది: 255. ఆ వెంటనే చిరునామా 0003కు గెంతింది. అంటే బస్తా వచ్చింది, గంట మోగింది. అక్కడ లెక్క 255 నుంచి 256 అయింది; కింది భాగం సున్న, పై భాగం ఒకటి. తిరిగివచ్చి రెండో భాగం చదివింది: ఒకటి. పాత కింది భాగమూ, కొత్త పై భాగమూ కలిసి 511. అంతకుముందు చూసినవాటికన్న పెద్దది గనుక అదే సత్యమని భద్రంగా దాచుకొంది.

నా ముఖం చూసి వాడు గోడ మీది అంకెల గడియారం చూపించాడు. "సార్, తొమ్మిది యాభైతొమ్మిది అనుకోండి. ముందు నిమిషాలు చూసి యాభైతొమ్మిది అని రాసుకొన్నరు. గంటలు చూసేసరికి పది అయింది. మీ కాయితం మీద పది యాభైతొమ్మిది. గడియారం తప్పా? మీ కన్ను తప్పా? రెండు చూపుల నడుమ జారింది సార్."

మా స్టేషను మాస్టరుగారి పెన్సిలు గీత అప్పుడు గుర్తుకు వచ్చింది. ప్రాసెసరు గీత సరిగానే పెట్టింది, వచ్చిన చోటికే తిరిగివచ్చింది. కాని వెళ్ళి వచ్చేలోగా లోకం మారిందని దానికి తెలియదు. అదే అంకె 511 నుంచి 512కు మారేటప్పుడు జరిగితే 767 వస్తుంది. గుమాస్తా పుస్తకంలోని రెండు అంకెలకూ సమాధానం దొరికింది. రోజు లెక్క ఆ దొంగ అంకెను దాటిపోయిన దినాల్లో తప్పు జరిగినా ఎవరికీ కనిపించలేదు.

దిద్దుబాటు రెండు ఆదేశాలు. రెండు భాగాలూ చదివే ముందు ఇంటరప్టులను కాసేపు ఆగమనడం, చదివాక రమ్మనడం. ఆ కొద్ది మైక్రోసెకన్లలో గంట మోగినా అది గుర్తుండిపోతుంది, పోదు. రాత్రంతా పల్సులు పంపాడు. తెల్లవారేదాకా లాజిక్ ఎనలైజరు కాచుకొనే ఉంది. దొంగ 511 రాలేదు.

*

ఇది మన పల్లెలోనే జరిగిన వింత కాదు. 1985-87 మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే కిరణచికిత్స యంత్రం ఆరుగురు రోగులకు అనేక రెట్ల కిరణాలను కుమ్మరించింది; వారిలో కొందరు మరణించారు. తయారుచేసినవారు మొదట అటువంటిది అసంభవమన్నారు. 1986లో టెక్సాస్‌లోని టైలర్ ఆసుపత్రిలో అక్కడి భౌతికశాస్త్రవేత్త, యంత్రం నడిపే ఉద్యోగిని కలిసి, తెర మీది వివరాలను వేగంగా దిద్దితేనే తప్పు వస్తుందని పదేపదే ప్రయత్నించి తేల్చారు. నిదానంగా పరీక్షించినవారికి అది దొరకలేదు. 1987 జనవరిలో మరొక ఆసుపత్రిలో జరిగిన ప్రమాదానికి కారణం ఇంకా చిత్రమైనది. ఎనిమిది బిట్ల లెక్క ఒకటి 255 దాటి సున్న అయిన క్షణంలో మీట నొక్కితే ఒక భద్రతా పరీక్ష తప్పిపోయేది. మన మిల్లులో బస్తాలు పోయిన చోటే అక్కడ ప్రాణం పోయింది.

2016 అక్టోబరు 11న మా పాత వరంగల్లు జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వచ్చాయి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 2010లో 500 మెగావాట్లతో, 2016లో మరి 600 మెగావాట్లతో ఉత్పత్తి మొదలుపెట్టింది. అటువంటి కేంద్రాల్లో యూనిట్ ఆగిపోయినప్పుడు ఒక్క సెకనులో వందల హెచ్చరికలు వచ్చిపడతాయి. వాటిలో ముందు వచ్చినది ఏదో తెలిస్తేనే కారణం తెలుస్తుంది. అందుకని మిల్లీసెకను తేడాను కూడా నమోదుచేసే పరికరాలు పెడతారు. గంటలు ఏ వరుసలో మోగాయో రాసుకొనే గుమాస్తాలవి.

రైళ్ళు ఢీకొనకుండా కాపాడే "కవచ్" పద్ధతికి ప్రయాణికుల బండి మీద తొలి పరీక్షలు 2016లో దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. 2020లో దాన్ని జాతీయ పద్ధతిగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజనులో కూర్చుండగా, ఎదురుగా ఉన్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో బండి తానే ఆగింది. దాన్ని తయారుచేసిన తొలి సంస్థలు మూడూ హైదరాబాదువే. మా మేనమామ కాలపు ఆరు గంటల హెచ్చరిక ఇప్పుడు రేడియో తరంగమై ఇంజనులోని ప్రాసెసరుకు ఇంటరప్టుగా చేరుతోంది. ఆ గంటకు ఏ ప్రాసెసరు ఎన్ని మైక్రోసెకన్లకు లేస్తుందో కొలుస్తూ ఆసిలోస్కోపు ముందు మేలుకొని ఉన్న పిల్లల్లో జనగామ పిల్లలు, మానుకోట పిల్లలు ఉండే ఉంటారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

యంత్రం అబద్ధమాడదనే మాట ఇప్పటికీ వింటూ ఉంటాను. హాజరు వేసే యంత్రం, తూకం వేసే యంత్రం, డబ్బులిచ్చే యంత్రం చెప్పిన లెక్కకూ మనిషి చెప్పిన లెక్కకూ తేడా వస్తే మనం మనిషినే ముందు అనుమానిస్తాం. యంత్రాన్ని కూడా అడగాలి. అదీ ఆపి కాదు, అది నడుస్తుండగా. అలా అడగడానికి పరికరాలున్నాయి, అడగగలిగిన పిల్లలున్నారు. అడగమని పట్టుబట్టే మనిషి ఒకడు కావాలి, అంతే.

మిల్లువారు గుమాస్తాను మళ్ళీ రమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు, బజారులో చిన్న కిరాణా దుకాణం పెట్టుకొన్నాడు. ఆ పిల్ల మరుసటి వారమే బడికి వచ్చింది. ఆ ఆదివారం లాజిక్ ఎనలైజరు తెర మీది వరుసలను మా శిష్యుడు కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాడు. అందులో ఒక వరుస కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. దాన్ని చదవడం గుమాస్తాకు రాదు. అయినా పొలం కాగితాలతో పాటు ట్రంకు పెట్టెలో దాచుకొన్నాడు. కిందటి సంవత్సరం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తీసి చూపించాడు. అచ్చు వెలిసిపోయింది. ఎర్ర గీత మాత్రం ఇంకా కనిపిస్తోంది.

స్వస్తి.